గట్టుకు ఏరు వైపు ఇల్లు: దాచుకున్న తొమ్మిది లక్షలు ఎక్కడ పెట్టాలి?

కోనసీమలో గోదావరి వశిష్ట పాయ ఒడ్డు లంక నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. సారాంశం ఇది.

ఆమెకు 41 ఏళ్లు. భర్త కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో అత్తగారు, ఇంటర్ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి అబ్బాయి, రెండు గేదెలు. ఇల్లు ఏటిగట్టుకు ఏరు వైపున ఉంది. బురద అడుసుతో కట్టిన ఇటుక గోడలు, పైన పెంకు. మామగారి పేరున 40 సెంట్ల డి-పట్టా (ప్రభుత్వం సాగుకిచ్చిన భూమి), దాన్ని ఆనుకుని బి-మెమో జరిమానా కట్టుకుంటూ సాగు చేసే మరో 20 సెంట్లు. అరటి, దొండ, బెండ వేస్తారు. 2022 జులైలో ఇంట్లోకి నడుం లోతు నీరొచ్చింది. 6 రోజులు గట్టు మీద టార్పాలిన్ కింద ఉన్నారు. ఒక గోడ కూలింది. పరిహారం జాబితాలో మాత్రం పేరు రాలేదు. ఇంటి పన్ను చనిపోయిన మామగారి పేరునే ఉందని ఒకరు, ఏటి పోరంబోకులో ఇల్లని ఇంకొకరు చెప్పి పంపేశారట. మూడేళ్ల కిందట ఏటి అంచు ఇంటికి 95 గజాల దూరంలో ఉండేది. ఇప్పుడు 70 గజాలు.

ఆమె పేరున 2020లో ఇచ్చిన సెంటున్నర ఇళ్ల స్థలం ఒకటి ఉంది. గట్టుకు ఊరు వైపున, రెండు కిలోమీటర్ల దూరంలో, వరి చేలు కొని వేసిన లేఅవుట్. మడి మట్టానికి రోడ్డు రెండున్నర అడుగులు ఎత్తు. వానలు ముదిరితే అక్కడ మోకాలి లోతు నీరు పది పన్నెండు రోజులు కదలదు. ఇళ్లు కట్టుకున్న 14 కుటుంబాల్లో మూడు తాళాలు వేసుకుని మళ్లీ లంకకే వచ్చేశాయి. ఊరి మెరక మీద కొబ్బరి తోటల్లో రెండు మూడు సెంట్లు కొనుక్కుందామని అడిగితే, పేట (దళితవాడ) పేరు వినగానే రెండు చోట్ల "అమ్మట్లేదు" అన్నారు. మూడో చోట సెంటు మూడున్నర లక్షలు చెప్పారు. చేతిలో తొమ్మిది లక్షలున్నాయి. లంక మట్టిని ఆరడుగుల లోతు తవ్వి ఇటుక బట్టీకి అమ్మేద్దామని మరిది అంటున్నారు. "నా శవం ఇక్కణ్ణుంచే లేవాలి" అని అత్తగారు. ఉత్తరం చివర ఆమె అడిగిన మాట ఇది: "ఏట్లో ఇల్లు కట్టుకుని ఏరొచ్చిందంటే ఎలా అని ఊళ్లోవాళ్లు అంటారు. నిజంగా తప్పు మాదేనా? ఈ డబ్బు ఎక్కడ పెట్టమంటారు?"

అమ్మా, మీ రెండు ప్రశ్నల్లో మొదటిదానికే ముందు జవాబు చెబుతాను. అది తేలకపోతే రెండోదానిలో మీరు సిగ్గుపడుతూ, తొందరపడుతూ నిర్ణయం తీసుకుంటారు.

తప్పు మీది కాదు. ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాక ఈ డెల్టా అంతా కాలువల కింద మాగాణి అయింది. ఆ ఆయకట్టును, ఊళ్లను కాపాడటానికి పాయల వెంట ఏటిగట్లు ఉన్నాయి. లంకలు గట్టుకు ఏరు వైపున మిగిలిపోయాయి. వరదొస్తే ఒకప్పుడు వెడల్పుగా పరుచుకునే నీరు ఇప్పుడు రెండు గట్ల మధ్యే పోవాలి, అంటే మీ మీదుగా పోవాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు గట్లు తెగి నీరు ఊళ్లలోకి పోయింది. 2006 వరద తర్వాత, 1986 మట్టాన్ని కొలతగా పెట్టుకుని గట్లను ఎత్తు, వెడల్పు పెంచారు. ఊళ్లకు అది మేలు. కానీ ఊరివైపు చేను మునగకుండా నిలబడే ప్రతి అడుగు గట్టూ లంకలో నీటిమట్టాన్ని పైకి నెడుతుంది. మిమ్మల్ని వేలెత్తి చూపేవాళ్ల చేలను కాపాడే గట్టు ఖర్చులో మీ ఇంటి గోడ కూడా ఉంది. ఈ మాట మీరు గ్రామసభలో తల ఎత్తి చెప్పవచ్చు.

గట్టుకు ఊరు వైపున కూడా ముంపు అందరికీ సమానంగా పంచి లేదు. డెల్టాలో పాత ఊళ్లు మెరక మీద కూర్చున్నాయి. ఏరు ఏళ్ల తరబడి ఒండ్రు పోసి లేపిన ఒడ్డు, లేదా సముద్రం వదిలిపోయిన ఇసుక దిబ్బ, గ్రామకంఠం, గుడి, కొబ్బరి తోటలు అన్నీ దాని మీదే. చాలా ఊళ్లలో పేటలు ఆ మెరక దిగాక, మురుగు బోదె పక్కన, పల్లంలో ఉంటాయి. తర్వాత వచ్చిన లేఅవుట్లకు చవగ్గా దొరికింది కూడా ఆ పల్లపు చేలే. మూడు అడుగుల ఎత్తు తేడాలో ఇన్ని తరాల కులమూ డబ్బూ ఇమిడి ఉన్నాయి. మీకు మెరక మీద స్థలం అమ్మకపోవడం కూడా అందులో భాగమే.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ ముందున్న మూడు చోట్లను "మునిగేది, మునగనిది" అని చూడకండి. మన దగ్గర నీళ్లు రెండు రకాలు. ఏటి నీరు వేగంగా వస్తుంది, కోస్తుంది, నాలుగైదు రోజుల్లో దిగుతుంది, రోజు ముందు కబురు పంపి వస్తుంది. మురుగు నీరు మెల్లగా లేస్తుంది, తోసేయదు, కానీ కదలదు. గోడలు కుళ్లబెడుతుంది, మరుగుదొడ్డి పొంగిస్తుంది, పిల్లల ఒళ్లు పాడుచేస్తుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. గోదావరి పైకి లేచినప్పుడు డ్రైన్లు ఏటిలో కలిసే చోట స్లూయిస్ తలుపులు దించేస్తారు, దించకపోతే ఏరే ఊళ్లోకి వస్తుంది. ఆ నాలుగు రోజుల్లో వాన కూడా పడితే ఊరివైపు నీటికి పోయే దారే ఉండదు. సముద్రంలోకి పోయే డ్రైన్లకు పోటు సమయంలో ఇదే బెడద. అందుకే లంక మునిగిన వారంలోనే మీ లేఅవుట్ కూడా మునుగుతుంది. రెండు చోట్లా మీ పేరే ఉంది.

లంక ఇంటి సంగతి ముందు చూద్దాం. మూడేళ్లలో 25 గజాలు కోత పోయింది. సగటున ఏడాదికి ఎనిమిది గజాలు. మిగిలింది 70. సగటు చూసి ఇంకా ఎనిమిదేళ్లుందని అనుకోకండి. ఏటి కోత జీతంలా నెలనెలా రాదు. రెండేళ్లు ఏమీ కాదు, మూడో ఏడు వరద తీస్తున్నప్పుడు నానిన ఒడ్డు ఒక్క రాత్రిలో ఇరవై గజాలు జారుతుంది. ఒడ్డు ఎక్కువగా జారేది వరద దిగేటప్పుడే, ఎందుకంటే నానిన మట్టిని ఒత్తిపట్టుకున్న నీరు తప్పుకుంటుంది. కాబట్టి ఇక్కడ శ్లాబు ఇల్లు వేయడాన్ని నేను సమర్థించలేను. ఎనిమిది పిల్లర్ల మీద ఎనిమిదడుగులు లేపి కట్టినా, అది నీటి మట్టం నుంచే కాపాడుతుంది, కింద నేల పోతే పిల్లరు నిలవదు. ఇంకో మాట కూడా ఉంది. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఇస్తున్న 'భారత్ గృహ రక్ష' పాలసీలో వరద, తుపాను, ముంపు ఉంటాయి. కానీ నది కోత వల్ల ఇల్లు పోతే ఆ పాలసీ చెల్లదు. మీ లంక ఇంటికి అసలు భయం కోతే.

అక్కడ ఖర్చు పెట్టవలసింది చిన్నది. గేదెలకు, మేతకు, పంపుసెట్టుకు ఒక దిబ్బ, దాని మీద పాక. 2022 నీటి గుర్తుకు రెండడుగుల పైకి దిబ్బ లేపండి, అంచులకు దర్భ గానీ వెదురు గానీ నాటండి. మీ ఇంట్లో నడుం లోతు వచ్చిన ఆ 2022 వరద ధవళేశ్వరం దగ్గర 26 లక్షల క్యూసెక్కుల లోపే. భద్రాచలం దగ్గర అప్పుడు 71.3 అడుగులు, 1986లో 75.6. ఒక్క అక్కడే నాలుగడుగుల పైన తేడా. 1986 నీరు మళ్లీ వస్తే ఏ దిబ్బా చాలదు. గేదెలతో సహా గట్టెక్కడమే.

గట్టెక్కడానికి మీకున్న గడువు తెలుసుకోండి. భద్రాచలం మట్టానికి ప్రమాద హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు, నీటి లెక్కలో 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. భద్రాచలంలో లేచిన నీరు ఒక రోజు అటూ ఇటూగా ధవళేశ్వరం చేరుతుంది. చాలా లంకలకు కాజ్‌వే మునిగేది మొదటి హెచ్చరిక సమయానికే. కనుక మీరు చూడవలసింది ధవళేశ్వరం వార్త కాదు, భద్రాచలం వార్త. అక్కడ 43 దాటి ఇంకా పెరుగుతోందంటే ఆ సాయంత్రానికే గేదెలు, ధాన్యం, కాగితాల సంచి గట్టు దాటాలి. రెండో హెచ్చరిక దాకా ఆగితే పడవ కోసం ఆగవలసి వస్తుంది. పడవలో గేదెలు ఎక్కవు.

ఇక లేఅవుట్ స్థలం. దాన్ని వదిలేయకండి. మీ పేరున ఉన్న చట్టబద్ధమైన నివేశన కాగితం అదొక్కటే. ముంపు కారణంగా కట్టలేకపోతున్నామని ఇప్పుడే రాసి గ్రామ సచివాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కట్టలేదని రేపు ఎవరైనా రద్దు మాట ఎత్తితే ఆ కాగితం పనికొస్తుంది.

అక్కడ కట్టడం సాధ్యమా కాదా అన్నది మూడు కొలతలు చెబుతాయి. మేస్త్రీలు వాడే లెవెల్ గొట్టం తీసుకోండి, సన్నని పారదర్శక గొట్టం, 15 మీటర్లుంటే మంచిది. దాన్నిండా నీరు పట్టి, లోపల గాలి బుడగ లేకుండా చూసి, రోడ్డు నడిమి ఎత్తును మీ స్థలంలో ఒక కర్ర మీద గుర్తు పెట్టండి. అదే కర్ర మీద పక్క ఇళ్ల గోడలపైనున్న మురికి చార మట్టం కూడా తెండి. తర్వాత మురుగు డ్రైను గట్టు మీద నీరు నిలిచిన గుర్తు. దూరమైతే మెట్టు మెట్టుగా మోసుకుపోవాలి, ప్రతి మెట్టులోనూ గొట్టం రెండు చివరలా నీరు నిలకడగా ఆగేదాకా చూడాలి. డ్రైను గుర్తు ఇళ్ల మీది చార కన్నా బాగా కింద ఉంటే నీటికి పోయే దారి మూసుకుపోయింది, అది బాగుచేయగల జబ్బు. రెండూ ఒకే మట్టంలో ఉంటే డ్రైనే నిండి వెనక్కి తంతోంది, దాన్ని మీ లేఅవుట్ వాళ్లు మాత్రమే బాగుచేసుకోలేరు.

మొదటి రకమైతే సాధారణంగా జరిగేది ఇది. చేను చేనుగా ఉన్నప్పుడు ఒక మురుగు బోదె ఉండేది. లేఅవుట్ రోడ్డు వేసినప్పుడు దాన్ని పూడ్చేశారు, లేదా ఒక అడుగు గొట్టం పెట్టి సరిపెట్టారు. అడుగు గొట్టంలో ఒక్క అరటి బొత్త, కాస్త గుర్రపుడెక్క పడితే చాలు, ఆ ఏటికి దాని పని అయిపోతుంది. అక్కడ రెండడుగుల సిమెంటు తూము కావాలి, ముందు ఇనుప జాలీ, డ్రైను వైపు వెనక్కి నీరు రాకుండా వేలాడే తలుపు. వేసేటప్పుడు లేఅవుట్ వైపు కన్నా డ్రైను వైపు అంచు తప్పకుండా కిందకుండాలి. వేరే చోట్ల ఈ పని పాడయ్యేది ఇక్కడే: రోడ్డు ఎత్తు చూసి గొట్టం వేస్తారు గానీ మడి అడుగు చూడరు. గొట్టం మడి కన్నా పైన పడితే ఆ పైన నీరే పోతుంది, కింద అడుగున్నర అలాగే ఉంటుంది.

స్థలం మెరక చేయడం గురించి. సెంటున్నర అంటే 653 చదరపుటడుగులు. రెండున్నర అడుగులు లేపాలంటే 1,630 ఘనపుటడుగుల పైన. మట్టి దిగుతుంది కాబట్టి నాలుగో వంతు కలుపుకుంటే రెండు వేలు, అంటే 20 యూనిట్లు. ట్రక్కుల లెక్క ఒప్పుకోకండి. ట్రక్కు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి యూనిట్ లెక్కన మాట్లాడండి. నల్లమట్టి వేయించుకోకండి, అది నానితే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చి గచ్చు పగలగొడుతుంది. మెట్ట నుంచి వచ్చే గ్రావెల్ గానీ, ఇసుక కలిసిన బుసక మట్టి గానీ తొమ్మిది అంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాలి. ఒక వానాకాలం కూర్చోనిచ్చి ఆ తర్వాత కట్టాలి. పునాది మాత్రం ఈ పోసిన మట్టిలో ఆగకూడదు, కింద పాత నేలలోకి దిగాలి. చాలా ఇళ్లు మొదటి రెండేళ్లలో మూలకు చీలేది దీనివల్లే. రోడ్డు మట్టానికి పైన మరో రెండడుగులు అరుగు. గోడకు అడుగున నీటి చెమ్మ ఎక్కకుండా కాంక్రీటు పట్టీ. స్విచ్చులన్నీ నాలుగున్నర అడుగుల పైన. మరుగుదొడ్డి బేసిన్ అరుగు మట్టానికే ఉండాలి, పెరట్లో కిందకు వద్దు. సెప్టిక్ ట్యాంకును ముంపు రోజుల్లో తోడించకండి. ఖాళీ ట్యాంకును చుట్టూ ఉన్న నీరు పైకి తేలగొట్టి గొట్టాలు విరగ్గొడుతుంది.

ఒక మాట మనసులో పెట్టుకోండి. మీరొక్కరే రెండున్నర అడుగులు లేపితే మీ నీరు పక్క రెండు స్థలాల్లోకి పోతుంది. ఆ ఇళ్లలో ఉండేవాళ్లు మీకన్నా పేదవాళ్లు కావచ్చు. వరస వరసగా అందరూ కలిసి లేపితే, మధ్యలో బోదె వదిలితే, మట్టి ధర కూడా తగ్గుతుంది.

మూడో దారి, మెరక మీద కొనడం. సెంటు మూడున్నర లక్షలంటే రెండు సెంట్లకే ఏడు లక్షలు, రిజిస్ట్రేషను పోను ఇల్లు కట్టడానికి చాలినంత మిగలదు. భర్త ఇంకో మూడేళ్లు కువైట్‌లో ఉండటానికి ఒప్పుకుంటే తప్ప ఆ దారి మీకు భారం. అయితే మీ పేటలో మీలా గల్ఫ్ డబ్బున్న ఇళ్లు ఇంకొన్ని ఉన్నాయని రాశారు. పది కుటుంబాలు కలిసి 40 సెంట్ల కొబ్బరి తోట ఒకే ముక్కగా అడిగితే బేరం వేరు. దారికి పది సెంట్లు పోయినా ఇంటికి మూడు సెంట్లు వస్తుంది. విడిగా వెళ్లిన ఆడమనిషికి "అమ్మట్లేదు" అన్న నోరు, పెద్ద మొత్తం చూసినప్పుడు అదే మాట అనాలంటే ఆలోచిస్తుంది. ఊళ్లో వ్యతిరేకత రావచ్చు, పనికి పిలవడం మానేస్తామనే బెదిరింపు కూడా రావచ్చు. అది ముందే పది ఇళ్లవాళ్లూ మాట్లాడుకోవాలి. సాంఘిక బహిష్కారం దాకా వస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అది నేరం. స్థలం అమ్మకపోవడం ఒక్కటే నేరంగా నిలబడటం కష్టం. ఈ రెండింటి తేడా తెలిసి అడుగు వేయండి.

కొనేముందు ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), అడంగల్‌తో పాటు ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషను నిషేధించిన భూముల 22-ఎ జాబితాలో ఉందేమో తప్పక చూడండి. సెంటు లక్షకే ఇస్తామని ఎవరైనా డి-పట్టా భూమి చూపిస్తే ఆగండి. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కింద అలాంటి కొనుగోలు చెల్లక, భూమి వెనక్కి పోయే ప్రమాదం ఉంది. తర్వాత మారిన నియమాల ప్రకారం ఆ భూమికి పూర్తి హక్కు వచ్చిందంటే, వచ్చినట్టు తహశీల్దారు రాతపూర్వకంగా చెప్పాలి. అమ్మేవాడి నోటిమాట చాలదు.

మూడూ చూశాక నాకు తోచినది చెబుతాను, నిర్ణయం మీదే. సేద్యం లంకలోనే, నివాసం గట్టుకు ఊరు వైపున. కొలతల్లో మొదటి రకం జబ్బని తేలి, తూము పని జరిగేలా ఉంటే లేఅవుట్‌లోనే నాలుగైదు లక్షల్లో చిన్న ఇల్లు, దానికి ప్రభుత్వ గృహ మంజూరు కలుపుకోవాలి. మిగతా డబ్బు కదపకండి. రెండో రకమైతే అక్కడ రూపాయి పెట్టకుండా, పది ఇళ్ల ఉమ్మడి కొనుగోలుకు ఏడాది ఆగడం మేలు. ఆ ఏడాది వానాకాలం మూడు నెలలూ గట్టు దగ్గర అద్దె ఇల్లు తీసుకోండి. అద్దె దండగ అనిపిస్తుంది. మునిగే చోట కట్టిన ఇల్లు అంతకన్నా పెద్ద దండగ.

కాగితాల విషయంలో మీకు జరిగింది చాలా పేటల్లో జరుగుతోంది. పరిహారం నియమాలు రాసిన తీరులోనే ఆ తేడా ఉంది. 2022–26 కాలానికి కేంద్రం నిర్దేశించిన విపత్తు సహాయ లెక్కల్లో మైదాన ప్రాంతంలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి 1,20,000, కొంతమేర దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000 రూపాయలు. ఆ ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలి. నదిలో భూమి పోతే చిన్న, సన్నకారు రైతుకు హెక్టారుకు 47,000. మీ 40 సెంట్లకు అది ఏడు వేల ఆరు వందలు. అదీ రెవెన్యూ రికార్డులో హక్కు ఉంటేనే. బి-మెమో 20 సెంట్లు మొత్తం పోయినా ఈ పద్దులో పైసా రాదు. బి-మెమో అంటే ప్రభుత్వ భూమిలో ఉన్నందుకు కట్టే జరిమానా రసీదు. సాగులో ఉన్నారనడానికి రుజువే గానీ హక్కు కాదు. పల్లంలో ఉన్నవాడికి నీరు ముందొస్తుంది, కాగితం లేదు కాబట్టి డబ్బు చివరకు కూడా రాదు. ఇంత అన్యాయాన్ని ఒక్క ఇల్లు సరిచేయలేదు, అయినా మీ చేతిలో ఉన్నంత చేయాలి.

డి-పట్టా వారసులకు వస్తుంది. మామగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రంతో అత్తగారి పేరునా, అన్నదమ్ముల పేరునా మార్పుకు దరఖాస్తు చేయండి. ఇంటి పన్ను పంచాయతీలో మార్పించండి. 60 సెంట్ల పంటనూ ప్రతి పంటకాలం ఈ-క్రాప్‌లో సాగుదారుగా నమోదు చేయించండి. పై కేంద్ర లెక్కల్లో సాగునీటి పంటకు హెక్టారుకు 17,000 చొప్పున అంతా పోయినా మీకు వచ్చేది నాలుగు వేల పైచిలుకే, కానీ నమోదు లేకపోతే అదీ లేదు. వరద వచ్చినప్పుడు గోడ మీద నీటి గుర్తు, ఇంటి నంబరు, మనిషి మూడూ ఒకే ఫొటోలో పడేలా తీయండి. సచివాలయంలో జాబితా అంటించిన రోజే చూసి, పేరు లేకపోతే అభ్యంతరం రాతలో ఇవ్వండి. నోటితో చెప్పిన అభ్యంతరం ఎక్కడా నమోదు కాదు. గట్టుకు ఊరు వైపు పక్కా ఇల్లు కట్టాక గృహ రక్ష పాలసీ తీసుకోండి. అందులో ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, సామాన్లకు కూడా దానంతటదే వర్తిస్తుంది.

తూము, బోదె పనికి అర్జీ మీరొక్కరూ పెట్టకండి. 14 ఇళ్లు, స్థలాలున్న మిగతావాళ్లు సంతకాలు చేసి, మీ కర్ర మీది మూడు కొలతలూ అందులో రాయండి. "నీళ్లొస్తున్నాయి, న్యాయం చేయండి" అన్న అర్జీ పక్కన పడేస్తారు. "రోడ్డు కింద ఫలానా చోట గొట్టం అడుగు మడి కన్నా 14 అంగుళాలు పైన ఉంది" అని రాస్తే ఇంజనీరు వచ్చి చూడక తప్పదు. పంచాయతీకి, డ్రైన్ల విభాగానికి, సోమవారం కలెక్టరేట్ అర్జీల వేదికకు ఒకే కాగితం మూడు ప్రతులు. దాంతో పాటు సమాచార హక్కు చట్టం కింద డ్రైను అసలు అడుగు మట్టం ఎంత, వెడల్పు ఎంత, చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు, గుర్రపుడెక్క తీయడానికి ఏ బిల్లు చెల్లించారు అని అడగండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5, జిల్లాలో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. పక్కన చేపల చెరువు గట్టు వేసి పాత బోదెను కట్టేశారని తేలితే, 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మీ వైపు ఉంది. పై నేల మీద పడ్డ నీరు సహజంగా దిగి పోతుంటే కింది నేలవాడు అడ్డుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. కోర్టుకు వెళ్లాలని కాదు, అర్జీలో ఆ వాక్యం ఉండాలి.

కాలం చూసి అడగండి. డ్రైన్లలో, బోదెల్లో పని జరిగేది వేసవిలో కాలువలు కట్టేసిన కొద్ది వారాల్లోనే. జూన్‌లో నీరు వదిలారంటే మళ్లీ ఏడాది. అంచనా, మంజూరు, టెండరు పోను ఏప్రిల్‌కి పని మొదలవ్వాలంటే అర్జీ డిసెంబరు లోపల పడాలి.

మరిది గారి ఆలోచనకు నేను ఒప్పుకోలేను. ఆరడుగులు తవ్విన గొయ్యి మొదటి వరదకే ఏటికి కొత్త దారి అవుతుంది, ఆ సుడి మీ 70 గజాల ఒడ్డును వెనక నుంచి తింటుంది. పక్క ఇళ్లవి కూడా. వ్యవసాయానికి ఇచ్చిన డి-పట్టా షరతు కూడా తప్పుతుంది. పట్టా రద్దయితే రేపు ఏ పరిహారానికీ మిగిలే ఆధారం ఉండదు. బట్టీవాడు ఇచ్చే డబ్బు ఒక్కసారే. ఆయనకు నిజంగా డబ్బు అవసరం ఏముందో అడగండి. తొమ్మిది లక్షల్లో అన్నదమ్ములిద్దరి కష్టం ఉంటే, ఆయన వాటా మాట ఇల్లు మొదలుపెట్టకముందే తేల్చుకోండి.

అత్తగారితో ఇల్లు వదలమని వాదించకండి. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా మాత్రం మనవల దగ్గర పడుకోమని, మిగతా తొమ్మిది నెలలూ ఆమె ఇల్లు ఆమెదేనని చెప్పండి. రోజూ పొద్దున గేదెల దగ్గరికి వెళ్లొచ్చే దారి ఉంటే ఆ వయసులో చాలామంది ఒప్పుకుంటారు. కొత్త ఇల్లు రిజిస్ట్రేషను మీ పేరునే ఉంచండి.

ఒక పని మాత్రం ఈ వారంలోనే చేయండి. సంక్రాంతికి అందరూ గోడలకు సున్నం వేస్తారు, దాంతో మీ లంక ఇంటి మీద, లేఅవుట్‌లో ఆ 14 ఇళ్ల మీద ఉన్న నీటి చారలన్నీ చెరిగిపోతాయి. సున్నం పడకముందే ప్రతి గోడకూ మేకుతో ఒక గాటు పెట్టి, పక్కన ఏడాది గీసి, ఫొటో తీయించండి. లెవెల్ గొట్టం మీ మేస్త్రీ దగ్గరే ఉంటుంది.